డెబ్బై మూడుకి బేరం

ఏడేళ్ళుగా ఒక అంకె నాలో కూర్చుని ఉంది. పొమ్మంటే పోదు. భోజనం దగ్గర వస్తుంది. మెట్రోలో నిలబడితే వస్తుంది. మా అమ్మాయి ఎక్కాలు చదువుతుంటే మధ్యలో వచ్చి కూర్చుంటుంది. డెబ్బై మూడు. దాని కథ మొత్తంగా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మీకెందుకు చెబుతున్నానంటే, మీ ముఖం నాకు కనబడదు. ఎదుటివాళ్ళ ముఖం కనబడితే చాలు, నేను మాట మార్చేస్తాను. నా పుట్టుక అలాంటిది.

బెజవాడ వన్‌టౌన్‌లో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బిందెల మధ్య పుట్టాను, గరిటెల మధ్య పెరిగాను. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, దోహా వచ్చి, అల్ హిలాల్‌లో ఫ్లాటు తీసుకుని, మెడలో కంపెనీ కార్డు వేలాడదీసుకున్నా ఆ కొట్టు నాలోంచి ఖాళీ కాలేదు. ఇక్కడ కూరగాయల మార్కెట్‌లో నేను బేరం మొదలుపెట్టగానే మా ఆవిడ నాలుగడుగులు పక్కకి జరిగి, నేనెవరో తెలియనట్టు ఉల్లిపాయలు చూస్తూ నిలబడుతుంది.

మా కొట్టులో మంచి సరుకు ముందు చూపించేవాళ్ళం కాదు. పల్చటి గిన్నె ముందు తీసి, దాన్ని చూపించడానికే మహా మొహమాటపడుతున్నట్టు నటించి, కొనేవాళ్ళు పెదవి విరిచాక లోపలి గదిలోకి వెళ్ళేవాళ్ళం. ఈ ఒప్పుకోలు కూడా అలాగే మొదలుపెట్టబోతున్నానని నాకు తెలుస్తోంది. సరే, ముందు పల్చటి తప్పే చూడండి.

నేను పనిచేసేది ఆటల అంకెలు అమ్మే కంపెనీలో. ముషైరిబ్‌లో ఆఫీసు. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల వివరాలు పోగుచేసి, లెక్కలు కట్టి, బయటి దేశాల వాళ్ళకి పంపుతాం. వాళ్ళు వాటితో పందేల మోడల్స్ కట్టుకుంటారు. ఈ దేశంలో పందెం నేరం. మేం పందెం కాయం. కాసేవాళ్ళకి త్రాసు తయారుచేసి ఇస్తాం, అంతే. ఇంట్లో 'స్పోర్ట్స్ డేటా' అని చెప్పాను. మా అమ్మ ఎవరడిగినా 'మావాడు ఆటలు ఆడిస్తాడు' అని చెబుతుంది. నేను దిద్దలేదు.

ఇదే నా తప్పని రాసి ఆపేయొచ్చు. ఒకసారి అలాగే రాశాను. చదువుకుంటే చాలా నిజాయతీగా కనిపించాను. నాకే అసహ్యం వేసి చింపేశాను.

అసలు సంగతికి వస్తాను.

బాస్కెట్‌బాల్‌లో బంతి ఒక జట్టు చేతికి వచ్చి, వాళ్ళు పాయింటు చేసో, పోగొట్టుకునో అవతలి జట్టుకి పోయేదాకా ఒక వంతు. ఆఫీసులో ఇంగ్లీషు పేరుంది, కానీ నేనూ గంగారామూ వంతు అనే అనుకునేవాళ్ళం. ఒక్కో జట్టుకి ఎన్ని వంతులు వస్తాయో తెలిస్తే ఎన్ని పాయింట్లు పడతాయో అంచనా కట్టొచ్చు. మోడల్ మొత్తం దాని మీదే నిలబడుతుంది. కానీ మ్యాచ్ కాగితంలో వంతుల గడి ఉండదు. బుట్ట వైపు ఎన్నిసార్లు బంతి వేశారు, ఎన్నిసార్లు తప్పిపోయిన బంతిని మళ్ళీ వాళ్ళే పట్టుకున్నారు, ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, ఫౌలుకి ఇచ్చే ఫ్రీ త్రోలు ఎన్ని వేశారు, ఇవి ఉంటాయి. వీటిని కూడి, తీసేసి, ఫ్రీ త్రోలలో సగానికి కాస్త తక్కువ కలుపుకుని వంతులు ఎన్నో ఊహిస్తాం. కొట్టు గుమ్మంలో మనిషిని కాపలా పెట్టకుండా, సాయంత్రం అమ్ముడైన గిన్నెల్నీ, చూసి వదిలేసిన గిన్నెల్నీ బట్టి ఎంతమంది వచ్చారో చెప్పడం లాంటిది. ఒకే ఆవిడ ఒక గిన్నె పక్కనపెట్టి ఇంకోటి చూస్తే ఇద్దరు కాదు, ఒక్కరే. అదే కిటుకు.

ఇక్కడి క్లబ్బుల మ్యాచ్‌లకి ఈ సూత్రాన్ని సరిచేసి ఇచ్చే పని నాకు అప్పగించారు. సరిచేయాలంటే కొన్ని మ్యాచ్‌లైనా ఎవరో ఒకరు వీడియో ముందు కూర్చుని వంతుల్ని కళ్ళతో చూసి లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టినవాడు గంగారాం.

ఇప్పుడు 'ఆయన' అని రాస్తాను. అప్పుడు 'అతను' కూడా అనలేదు. 'మన జగిత్యాల వాడు' అనేవాణ్ణి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఆఫీసులో గోడలు మార్చడానికి లేబర్ కంపెనీ పంపిన మనుషుల్లో ఒకడిగా వచ్చాడు. పరంజా మీంచి జారి నడుము దెబ్బతిన్నాక సైటు స్టోర్‌లో కూర్చోబెట్టి సిమెంటు బస్తాలు లెక్కపెట్టిస్తున్నారట. ఆ వారం మనుషులు చాలక మళ్ళీ పనిలోకి తోలారు. నా వెనక తెర మీద మ్యాచ్ నడుస్తోంది. ఆయన చేతిలో డ్రిల్లు పట్టుకునే, "ఎర్ర బనీన్లోల్లకు ఇప్పటికి ముప్పై ఒక్కపాలి దొరికింది సార్ బంతి" అన్నాడు. నేను వెనక్కి తిప్పి చూశాను. ముప్పై ఒకటే.

"కబడ్డీల కూతలు లెక్కవెట్టినట్టే గద సార్" అన్నాడు. "పోయిండా, వచ్చిండా. గంతే."

మేనేజర్‌తో నేనే మాట్లాడాను. ఈ మంచిపని నేనే చేశాను, దీన్ని మర్చిపోకండి అని మిమ్మల్ని అడగాలనిపిస్తోంది. అడగను. ఒక నెల చూద్దాం, లెక్కలు నిలబడితే వీసా మా కంపెనీకి మార్పించి పూర్తి ఉద్యోగమిద్దాం అన్నాడు మేనేజర్. ఏసీ గది, కుర్చీ. ఆ నడుముతో ఇంకో ఎండాకాలం సైటులో నిలబడలేనని ఆయన నాతో ముందే చెప్పాడు. అంటే ఆ నెల మీద ఏం ఆధారపడి ఉందో నాకు పూర్తిగా తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

నేను ఆయనకి వేలికి తొడుక్కుని నొక్కితే అంకె పెరిగే చిన్న మీటలు రెండు కొనిచ్చాను, ఇక్కడివాళ్ళు జపం లెక్కకి వాడుకునేవి. కుడి వేలికి ఒక జట్టు, ఎడమ వేలికి ఒక జట్టు. టీ పక్కన పెట్టుకునేవాడు, చల్లారిపోయేది, ఆట అయ్యేదాకా ముట్టేవాడు కాదు. 'దుబాయ్‌ల ఆఫీస్ నౌకరి దొరికింది' అని ఇంటికి చెప్పేశాడు. ఖతర్ అంటే వాళ్ళకి అర్థం కాదట.

రెండో వారానికి ఆయన లెక్కా నా సూత్రమూ పొసగడం మానేశాయి. ప్రతి మ్యాచ్‌లోనూ నావి నాలుగో ఐదో ఎక్కువ. ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆయన్ని పిలిచాను.

"కూర్చో గంగారాం" అన్నాను. కూర్చోలేదు.

"మొన్నటి మ్యాచ్‌లో ఎర్ర జట్టుకి ఎన్ని రాశావు?"

"డెబ్బై మూడు సార్."

"నా లెక్కలో డెబ్బై ఎనిమిది."

"కంప్యూటర్ ఈనిందేమో సార్" అని నవ్వాడు. "ఐదు పిల్లల్ని వెట్టింది."

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే ఈ కథ వేరేలా నడిచేదేమో. "డెబ్బై ఏడు వేసుకుందామా?" అన్నాను.

"ఎట్ల వేసుకుంటం సార్?"

"పోనీ డెబ్బై ఆరు. నీ మాటా కాదు, నా మాటా కాదు."

"లెక్కకు బేరమేంది సార్? టమాటలా ఇవి?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అందుకే ఇంకో దారిన వచ్చాను. "రెండు గంటల ఆట. ఒక్కసారి కూడా నీ కళ్ళు పక్కకి పోలేదా? ఖచ్చితంగా చెప్పు."

ఆయన ఆలోచించాడు. అబద్ధమాడేవాడైతే వెంటనే పోలేదనేవాడు. "నడుము గుంజితే ఒక్కపాలి లేసి నిలవడ్డ సార్. కన్నయితే దాని మీదనే ఉన్నది… అనుకుంట."

"అనుకుంటే చాలదు కదా."

"చాలది సార్."

"ఐదు తేడా ఉందంటే, ఐదుసార్లు నువ్వు చూడలేదు."

చాలాసేపు తెర వైపు చూశాడు. ఆగిపోయిన బొమ్మ ఉంది దాని మీద. తర్వాత వేళ్ళకున్న మీటలు రెండూ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"గట్లనే అయ్యుంటది సార్. మీరు సదువుకున్నోళ్ళు. నా లెక్కనే తప్పి ఉంటది. మాఫ్ చెయ్యుండ్రి, మీరు చెప్తే పెట్టుకున్నరు, మీ పేరు ఖరాబ్ చేసిన."

నన్ను క్షమించమన్నాడు. నన్ను.

ఆ సాయంత్రమే మేనేజర్‌కి రాశాను. లెక్కపెట్టే మనిషి నమ్మకంగా లేడు, తన పొరపాటు తనే ఒప్పుకున్నాడు అని. ఆ రెండో ముక్క రాసినప్పుడు ఎంత నేర్పుగా రాశానా అని ఒకింత ముచ్చటపడ్డాను కూడా. మర్నాటి నుంచి ఆయన రాలేదు. మళ్ళీ సైటుకి పంపేశారు. ఎండలు ముదిరే రోజులు.

ఇక్కడిదాకా చదివి మీరు అనుకుంటూ ఉంటారు, పాపం వీడు తన సూత్రాన్ని గుడ్డిగా నమ్మి పొరబడ్డాడు అని. అలా అనుకోవాలనే ఈ వరసలో చెప్పాను. చూశారా, ఇంకా బేరమే. ఒక రోజుని మధ్యలోంచి తీసేసి చెప్పాను. ఆ ఆదివారానికి ముందు ఒక శుక్రవారం ఉంది.

శుక్రవారం సెలవు. పొద్దున్నే ఆఫీసుకి ఒక్కణ్ణే వెళ్ళాను. అదే మ్యాచ్ పెట్టుకుని ఎర్ర జట్టు వంతులు లెక్కపెట్టాను. డెబ్బై మూడు వచ్చింది. టీ తాగి మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాను. డెబ్బై మూడు. ఎందుకో కూడా కనబడింది. వేసిన బంతి తప్పిపోయి, అవతలివాడి చేతికి తగిలి గీత దాటి బయటికి పోతే, బంతి మళ్ళీ వేసినవాళ్ళకే ఇస్తారు. వంతు తెగలేదు, అదే నడుస్తోంది. కానీ దాన్ని ఎవరూ చేత్తో పట్టుకోలేదు కాబట్టి, కోర్టు పక్కన కూర్చుని కాగితం నింపేవాళ్ళు దాన్ని ఎక్కడా రాయడం లేదు. కాగితంలో లేదు కాబట్టి నా సూత్రం అక్కడ ఒక వంతు అయిపోయిందనీ, కొత్తది మొదలైందనీ అనుకుంటోంది. గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చిన మనిషిని కొత్త గిరాకీ అనుకున్నట్టు. అలాంటివి ఆ మ్యాచ్‌లో ఎర్ర జట్టుకి ఐదు. వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా ఐదు.

అంటే ఆదివారం ఆయన్ని పిలిచేసరికి నాకు తెలుసు. డెబ్బై ఏడు అన్నప్పుడు తెలుసు. డెబ్బై ఆరు అన్నప్పుడు తెలుసు. కళ్ళు పక్కకి పోలేదా అని అడిగినప్పుడు, పోలేదని ఆయన కంటే నాకే బాగా తెలుసు.

మరెందుకు?

అంతకు వారం ముందు బయటి దేశపు క్లయింట్లతో మీటింగ్‌లో గొప్ప చెప్పాను. సూత్రం సిద్ధమైంది, చేతి లెక్కతో కూడా సరిపోయింది అన్నాను. అప్పటికి సరిచూడనే లేదు. సరిపోతుందిలే అనుకున్నాను. మా కొట్టులో రేటు చెప్పాక ముందుగా మనం దిగకూడదు. ఎదుటివాడు దిగేదాకా మౌనంగా గల్లాపెట్టె తుడుస్తూ కూర్చోవాలి. మా నాన్న అలా కూర్చుంటే చూడముచ్చటగా ఉండేది. నేను ఒక అంకె చెప్పేశాను, దాని మీంచి దిగలేకపోయాను. నేను దిగకూడదంటే ఇంకెవరో దిగాలి. ఎదురుగా ఉన్నవాడు గంగారాం. ఇంతేనా? ఇంతే. దీని వెనక పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను. దొరకలేదు. తప్పు ఎంత పెద్దదో, కారణం అంత చిన్నది.

ఇంకొకటి ఉంది. నాలుగు నెలల తర్వాత క్లయింట్లు ఫిర్యాదు చేశారు. ఇక్కడి జట్లు బయటి దేశాల జట్లతో ఆడినప్పుడల్లా మా అంచనా అడ్డం తిరుగుతోంది, ఎందుకంటే అక్కడి కాగితాలు సరిగ్గా నింపుతారు, ఇక్కడివి నింపరు. అప్పుడు నేను గంగారాం లెక్కలున్న ఫైలు బయటికి తీశాను. వాటితోనే సూత్రం సరిచేశాను. అద్భుతం అన్నారు. ఆ సవరణకి ఆఫీసులో నా పేరే పెట్టారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆ రోజైనా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి సరిగ్గానే లెక్కపెట్టాడు, వెనక్కి పిలుద్దాం అనొచ్చు. గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారని వెనక్కొచ్చాను. ఎవరూ లేరు.

మరుసటి చలికాలం పిల్లల్ని ఒంటెల పందేలు చూపించడానికి అల్ షహానియా తీసుకెళ్ళాను. ట్రాక్ పక్కన ఇనుప కంచె పని చేస్తున్నవాళ్ళలో ఆయన ఉన్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చాడు, మా అమ్మాయి బుగ్గ ముట్టుకోబోయి చేతికున్న తుప్పు చూసి ఆగాడు. స్టోర్‌లో లేవా అని అడిగాను. తనే వద్దన్నాడట. మా ఆఫీసు నుంచి పోయాక బస్తాలు ఒకసారి లెక్కపెడితే నమ్మకం కుదిరేది కాదట. రెండోసారి, మూడోసారి లెక్కపెడుతూ కూర్చునేవాడట, బయట లారీలు ఆగిపోయేవట. "లెక్క నాతోని కాదు సార్ ఇగ" అన్నాడు, వయసు మీద పడిందని చెప్పినంత మామూలుగా. ఒక చెయ్యి నడుము మీద ఉంది. ఒంటెలు పరిగెత్తుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. నేను ఎండ ఎక్కువగా ఉందన్నాను. చలికాలంలో.

ఆయన నుంచి ఉద్యోగమే లాక్కున్నాననుకున్నాను అప్పటిదాకా. అది కాదు. తన కళ్ళతో తను చూసినదాన్ని నమ్ముకునే ధైర్యం లాక్కున్నాను. ఉద్యోగమైతే ఇంకోటి వెతికి ఇప్పించవచ్చు. దీన్ని ఎక్కడ వెతకను?

రెండేళ్ళకి ఆయన ఊరెళ్ళిపోయాడు. నేను మెల్లగా మర్చిపోయేవాణ్ణేమో. పోయిన నెల కొత్తగా చేరిన అమ్మాయి, చురుకైనది, ఆ పాత ఫైలు తెరిచి, "ఈ చేతి లెక్కలు ఎంత శుభ్రంగా ఉన్నాయి సార్, ఎవరివి?" అని అడిగింది.

"నావే" అన్నాను.

గొంతు కూడా తడబడలేదు. దానికే భయం వేసింది.

ఆ వచ్చిన శుక్రవారం నంబరు సంపాదించి జగిత్యాలకి ఫోన్ చేశాను. ఈసారి అటూ ఇటూ తిప్పలేదు. నీ లెక్క సరైనదే గంగారాం, డెబ్బై మూడే, నాకు ఆ రోజే తెలుసు, తెలిసే నిన్ను తప్పన్నాను అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే చేశాను.

"ఊకోండ్రి సార్" అన్నాడు. "గిన్నేండ్లకు యాదివెట్టుకొని ఫోన్ చేసిండ్రు, నా మనసు నిమ్మలం చెయ్యాలని గిట్ల చెప్తున్నరు. నాకు తెల్వదా? నా లెక్క నాకు తెల్సు. బీడీ కట్టలు గూడ మా ఆమెనే లెక్కవెడ్తది ఇప్పుడు."

నిజమని మళ్ళీ చెప్పాను. ఒట్టు పెట్టాను. బతిమాలాను. నా జీవితంలో ఇంతగా బతిమాలి ఒక్కటీ కొనలేదు, అమ్మలేదు. ఆయన మెత్తగా నవ్వుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "ఎవలయ్యా ఫోన్ల?" అని అడిగింది. "దుబాయ్ సార్. శాన మంచోడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు తెలిసింది, ఆ ఆదివారం నేనెంత గట్టిగా నమ్మించానో. ఇప్పుడు నేనే చెప్పినా చెరగడం లేదు. ఆయన దగ్గర నేను మంచివాణ్ణిగానే మిగిలిపోతాను. ఇంతకు మించిన శిక్ష ఆయన వెయ్యగలిగేవాడు కాదు, వేశానని ఆయనకి తెలియదు కూడా.

ఆ అమ్మాయికి నిన్న చెప్పాను, ఆ లెక్కలు నావి కావని, ఎవరివో, ఆయన్ని ఎందుకు పంపేశామో. తలవంచుకుని విన్నది. ఇవాళ నా వైపు చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. సవరణకి పెట్టిన నా పేరు తీసేయమని మేనేజర్‌కి రాశాను, జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు.

గంగారాం నమ్మని మాటని మీరైనా నమ్మండి. ఆయన కళ్ళు ఒక్కసారి కూడా పక్కకి పోలేదు. నడుము నొప్పితో లేచి నిలబడినప్పుడు కూడా పోలేదు. నేను రెండుసార్లు సరిచూశాను. లెక్క సరిగ్గా ఉంది.

రాశాను. మీరు క్షమించాలని కాదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఇన్నాళ్ళూ ఈ మాట నోట్లో పెట్టుకుని మిగతా మాటలన్నీ దాని పక్కనుంచి మాట్లాడాను. ఇప్పుడు నోరు కాస్త ఖాళీగా ఉంది.